మొలక రాగి పిండిలో అమైలేజ్ బతికే ఉందా? తయారీ, వాడకం, ఇంట్లోనే పరీక్ష

రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, పిండి పట్టించి జావ కాస్తే అది మామూలు రాగి జావలాగే చిక్కగా ఎందుకు వస్తోందని చాలామంది అడుగుతున్నారు. అదే పిండితో పక్కింట్లో కాచిన జావ నీళ్ళలా పలచబడిందని, కాబట్టి పిండి కల్తీదేమోనని అనుమానించేవారూ ఉన్నారు. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కచోటే ఉంది. మొలకెత్తేటప్పుడు గింజలో పుట్టే అమైలేజ్ అనే ఎంజైమ్ మన చేతిలో ఏ దశలో చచ్చిపోయిందో, ఏ దశలో పనిచేసిందో తెలుసుకుంటే రెండూ తేలిపోతాయి. ప్రకాశం, నెల్లూరు జిల్లాల వాతావరణంలో ఈ పిండిని ఎలా చేయాలో, ఎంజైమ్‌ను ఎలా కాపాడుకోవాలో, అది పనిచేస్తోందని ఎలా రుజువు చేసుకోవాలో ఈ వ్యాసంలో వరుసగా రాస్తున్నాను. నేను బడిలో జీవశాస్త్రం చెప్పే మనిషిని. ఇందులోని పరీక్షలన్నీ పిల్లలతో కలిసి చేసినవే.

సిద్ధాంతం ఇంతవరకు తెలిస్తే చాలు. పిండి పదార్థం అంటే వందల, వేల గ్లూకోజ్ అణువులు గొలుసులా అతుక్కున్న పదార్థం. నీళ్ళలో ఉడికినప్పుడు ఆ గొలుసులు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి, అందుకే జావ చిక్కబడుతుంది. ఆల్ఫా అమైలేజ్ ఆ గొలుసును మధ్యమధ్యలో తెంపుతుంది, బీటా అమైలేజ్ చివర నుంచి రెండేసి గ్లూకోజ్‌లను ఒక జంటగా కత్తిరించి మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తుంది. గొలుసులు పొట్టివైతే నీటిని పట్టి ఉంచే బలం పోతుంది, జావ పలచబడుతుంది, కొద్దిగా తీపెక్కుతుంది. 1833లో ఫ్రాన్సులో పాయెన్, పెర్సో అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు మొలకెత్తిన బార్లీ నుంచి వేరుచేసి డయాస్టేజ్ అని పేరు పెట్టింది ఈ ఎంజైమ్‌లకే.

దీనివల్ల పసిబిడ్డకు కలిగే మేలు చిన్నది కాదు. ఆరు నెలలు నిండిన బిడ్డ చిక్కని జావ మింగలేదు, కాబట్టి మనం నీళ్ళు పోసి పలచన చేస్తాం. ఒక గ్లాసు జావలో 15 గ్రాముల రాగి పిండి మాత్రమే పడితే బిడ్డకు అందేది సుమారు 50 కిలో కేలరీలు. అదే గ్లాసులో 40 గ్రాముల పిండి ఉడికించి, చెంచాడు మొలక పిండితో పలచబరిస్తే సుమారు 130 కిలో కేలరీలు అందుతాయి, బిడ్డ దాన్ని సులువుగా మింగుతుంది. నీళ్ళతో వచ్చిన పలుచదనానికీ ఎంజైమ్‌తో వచ్చిన పలుచదనానికీ ఉన్న తేడా ఇదే. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టే తల్లులు మోసపోతున్నారు.

కావలసినవి

పిండి తయారీకి ఒక కిలో రాగులు, పలుచని నూలు గుడ్డ, గోనె సంచి, చాట, జల్లెడ, తడి లేని గాజు సీసా లేదా స్టీలు డబ్బా సిద్ధం చేసుకోండి. పరీక్షలకు బియ్యప్పిండి, ఒకే కొలత ఉన్న మూడు గ్లాసులు, టీ చెంచా, తెల్లని పింగాణీ పళ్ళెం, మందుల షాపులో దొరికే టింక్చర్ అయోడిన్ గానీ గాయాలకు రాసే పోవిడోన్ అయోడిన్ ద్రావణం గానీ కావాలి. వంటింటి థర్మామీటర్ ఉంటే మేలు. జ్వరం చూసే థర్మామీటర్‌ను మాత్రం ఈ పనికి వాడకండి, అది సుమారు 42 డిగ్రీల వరకే కొలుస్తుంది, వేడి జావలో పెడితే పగులుతుంది, లోపల పాదరసం ఉంటే ఆ గిన్నెను పారేయవలసిందే.

మొదటి భాగం: పిండి తయారీ

1. ముందు గింజకు ప్రాణం ఉందో లేదో చూడండి. కిలో రాగులు నానబోసే ముందు వంద గింజలు లెక్కపెట్టి తడి గుడ్డలో చుట్టి రెండు రోజులు ఉంచండి. తొంభైకి తగ్గకుండా మొలకెత్తితే ఆ రాగులు పనికొస్తాయి. డెబ్భై లోపే మొలిస్తే వాటిని సంగటికి వాడుకోండి, మాల్ట్‌కు, అంటే మొలక పిండికి, పనికిరావు. మొలవని గింజలో ఎంజైమ్ పుట్టకపోవడం ఒక నష్టమైతే, తడిలో అది కుళ్ళి పక్క గింజలను కూడా పాడుచేయడం ఇంకో నష్టం.

ఇక్కడ ఒక హెచ్చరికను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. విత్తనాల షాపులో కొన్న గింజలను, నారుమడి కోసం తెచ్చుకున్న విత్తన వడ్లను తిండికి మొలకెత్తించకండి. వాటికి శిలీంద్రనాశిని మందు పట్టించి ఉంటుంది, అది కడిగినా పూర్తిగా పోదు. తినడానికి అమ్మే ధాన్యమే తీసుకోండి.

2. రాళ్ళు ఏరి, నాలుగైదు నీళ్ళతో కడిగి, 10 నుంచి 12 గంటలు నానబెట్టండి. మధ్యలో ఒకసారి నీళ్ళు మార్చండి. గింజ ఈ నీటిని పీల్చుకుంటుంది కాబట్టి తాగే నీళ్ళే వాడాలి. కనిగిరి, పొదిలి వైపు ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్ళు వాడేవారికి ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరయ్యే కొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు ఇంకా పెరుగుతుంది.

3. నీళ్ళు పూర్తిగా ఓడ్చి, నూలు గుడ్డలో వదులుగా మూటకట్టి, తడిపి పిండిన గోనె సంచి కప్పండి. వడ్లు మండె కట్టడం తెలిసిన రైతు ఇళ్ళలో దీన్ని వేరే నేర్పనక్కరలేదు, తేడా ఒక్కటే. మండె కట్టిన వడ్లకు ముక్కు పగిలితే చాలు, నారుమడిలో చల్లేస్తారు. మనకు మాత్రం మొలక సుమారు ఒక సెంటీమీటరు, అంటే అర అంగుళానికి కొంచెం తక్కువగా, పెరిగేదాకా ఆగాలి. చాలామంది తెల్లని మొన కనబడగానే ఎండబెడతారు. అప్పటికి ఎంజైమ్ పుట్టడం ఇంకా మొదటి దశలోనే ఉంటుంది.

దీనికి కారణం ఉంది. గింజ తడిసిన తరువాత లోపలి పిండం జిబ్బరెల్లిన్ అనే హార్మోన్‌ను పంపుతుంది. ఆ కబురు అందుకున్న గింజ పైపొర కణాలు అప్పుడు ఆల్ఫా అమైలేజ్‌ను కొత్తగా తయారుచేసి లోపలి పిండిలోకి వదులుతాయి. ఈ పనికి ఒక పూట సరిపోదు, రెండు రోజులు పడుతుంది. బియ్యాన్ని ఎన్ని రోజులు నానబెట్టినా మొలకెత్తకపోవడానికి కారణం కూడా ఇక్కడే తెలుస్తుంది, మిల్లులో దంపుడుతోనే పిండం రాలిపోయి ఉంటుంది.

వేసవిలో 36 గంటలకే కావలసిన మొలక వస్తుంది, డిసెంబరు రాత్రుల్లో 60 గంటలు కూడా పట్టవచ్చు, మిగతా కాలాల్లో 48 గంటలు లెక్కవేసుకోండి. ఆరేడు గంటలకొకసారి మూట విప్పి, గింజలను చేత్తో కిందకీ పైకీ కలిపి, నీళ్ళు చిలకరించండి. మొలకెత్తే గింజ వేడి పుట్టిస్తుంది. కలపకుండా వదిలేస్తే మూట నడిమధ్య చెయ్యి పెట్టినప్పుడు ఆవిరి తగులుతుంది, అక్కడి గింజలు జిగురెక్కి పులుపు వాసన కొడతాయి. పచ్చిగడ్డి వాసన లేదా దోసకాయ వాసన వస్తే అంతా బాగున్నట్టు. పుల్లని వాసన, జిగురు, నల్లని లేదా ఆకుపచ్చని బూజు చుక్కలు కనబడితే కడిగి సర్దుకోవాలని చూడకండి, మొత్తం పారేయండి. బూజు వదిలిన విషాలు ఉడికించినా పోవు.

4. ఆరబెట్టడం అసలైన పరీక్ష. గింజలను వెడల్పాటి గుడ్డ మీద ఒక్క పొరగా పరిచి, మొదటి రెండు మూడు గంటలు నీడలో గాలికి, తరువాత ఎండలో ఆరబెట్టండి. సాయంత్రం మంచు తగలకముందే లోపలికి తెచ్చుకోండి. సాధారణంగా రెండు ఎండలు సరిపోతాయి. పంటి కింద పెడితే టక్కుమని విరిగితే ఎండినట్టు, మెత్తగా అణిగితే ఇంకా తడి ఉన్నట్టు.

మన జిల్లాలకు ఎక్కువ వాన ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వస్తుంది. ఆ నెలల్లో కాలెండరు చూసి కాకుండా ఆకాశం చూసి నానబోయండి. నేను మొదటిసారి చేసిన రాగులు కార్తీక మాసపు ముసురులో మూడు రోజులు ఆరక, అడుగున బూజు పట్టి, రెండు కిలోలు దిబ్బలో పోయవలసి వచ్చింది. అప్పటికే మొలకెత్తించి ఉండి వాన పట్టుకుంటే ఫ్యాను కింద పలచగా పరిచి, గంటగంటకూ కలుపుతూ ఆరబెట్టండి. పెనం మీద వేసి తడిని లాగేయాలని మాత్రం అనుకోకండి. ఈ పొరపాటుతోనే ఎక్కువ ఇళ్ళలో ఎంజైమ్ పోతోంది. తడిగా ఉన్న గింజలో ఎంజైమ్ వేడికి చాలా సున్నితంగా ఉంటుంది, పూర్తిగా ఎండిన గింజలో అదే ఎంజైమ్ చాలా ఎక్కువ వేడిని తట్టుకుంటుంది. కాబట్టి ముందు ఎండాలి, ఆ తరువాతే వేడి.

5. ఎండిన గింజలను అరచేతుల మధ్య నలిపి, చాటతో చెరిగి, రాలిన మొలకలను, వేళ్ళను తీసేయండి. అవి ఉంటే పిండి చేదెక్కుతుంది. రాగుల విషయంలో ఇది రుచి కోసం చేసే పని. జొన్నలు మొలకెత్తించేవారికి మాత్రం ప్రాణరక్షణ, ఎందుకంటే జొన్న మొలకలో ధుర్రిన్ అనే పదార్థం పుడుతుంది, దాని నుంచి సయనైడ్ విడుదలవుతుంది. నా సలహా సూటిగా చెప్పాలంటే, పసిపిల్లల కోసమైతే జొన్నల జోలికి పోకండి. రాగులు, గోధుమలు దొరుకుతుండగా ఆ సాహసం అవసరం లేదు. గోధుమలు పడని వారికి రాగులే దారి.

6. వాసన కోసం వేయించాలనుకుంటే, బాగా ఎండిన గింజలను మందపాటి మూకుడులో సన్నని సెగ మీద, చేత్తో తాకగలిగినంత వేడి వరకు మాత్రమే, రెండు మూడు నిమిషాలు కదపండి. చిటపటలాడినా, రంగు మారినా, కమ్మని వేపుడు వాసన ఇల్లంతా పరచుకున్నా ఎంజైమ్‌లో చాలా భాగం పోయినట్టే. కమ్మదనం కావాలంటే ఒక ఉపాయం ఉంది. జావకు అసలు పిండిగా వాడే మామూలు రాగులను బాగా వేయించుకోండి, మొలక రాగులను వేయించకుండా పిండి పట్టించి విడిగా దాచుకోండి. రెండు డబ్బాల పద్ధతి అని పిల్లలకు నేర్పినది ఇదే, నేను చూసినంతలో తప్పు జరగడానికి వీలు తక్కువ ఉన్నదీ ఇదే.

7. పిండి మరకు ఇచ్చేటప్పుడు మీకు ముందు ఎవరైనా మిరపకాయలు పట్టించారేమో అడగండి, పట్టించి ఉంటే పిడికెడు మామూలు రాగులు ముందు మరలో పోయించి ఆ పిండి పక్కన పెట్టండి. మర నుంచి వచ్చే పిండి గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా వస్తే రాళ్ళు మరీ బిగించి ఉన్నాయని అర్థం, సగంలో ఆపమని చెప్పి, వదులు చేయించి మళ్ళీ పట్టించండి. కొద్ది మొత్తానికి ఇంట్లో మిక్సీలో ఆగి ఆగి తిప్పుకోవచ్చు, తిరగలి ఉంటే అంతకంటే మంచిది.

8. ఇంటికి రాగానే మూత పెట్టకండి. పళ్ళెంలో చల్లారనిచ్చి డబ్బాకెత్తండి. డబ్బా మీద తేదీ రాయండి. బయట అయితే నెల రోజుల్లో, ఫ్రిజ్‌లో అయితే రెండు మూడు నెలల్లో వాడేయండి.

రెండవ భాగం: చెంచా పరీక్ష

పిండి చేసిన రోజే ఈ పరీక్ష చేయండి. దుకాణంలో మాల్ట్ అని రాసి అమ్మే పొడిని కొన్నవారికి కూడా ఇదే దారి. మాల్ట్ అనే మాటకు అర్థం మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం. కాని మన వాడుకలో చక్కెర, పాలపొడి కలిపిన మామూలు వేపుడు రాగి పిండిని కూడా మాల్ట్ అనేస్తున్నారు. 2023 మార్చి నుంచి ప్రభుత్వ బడుల్లో పిల్లలకు ఇస్తున్న రాగి జావను కూడా ఊళ్ళో చాలామంది రాగి మాల్ట్ అనే పిలుస్తున్నారు. పేరును బట్టి పిండిలో ఏముందో తెలియదు, పరీక్షను బట్టే తెలుస్తుంది.

1. బియ్యప్పిండి 60 గ్రాములు తీసుకుని అర లీటరు నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, అడుగంటకుండా కలుపుతూ చిక్కగా ఉడికించండి. రాగి పిండికి బదులు బియ్యప్పిండి ఎందుకంటే తెల్లని జావలో మార్పు స్పష్టంగా కనబడుతుంది.

2. దాన్ని మూడు గ్లాసుల్లో సమానంగా పోసి, 55 నుంచి 60 డిగ్రీలకు చల్లారనివ్వండి. థర్మామీటర్ లేనివారు గ్లాసు వెలుపలి గోడను అరచేతితో పట్టుకుని చూడండి. మూడు నాలుగు లెక్కపెట్టేలోపు చెయ్యి తీసేయాలనిపిస్తే సరైన వేడి. తాకగానే చెయ్యి వెనక్కి పోతే ఇంకా ఆగాలి.

3. మొదటి గ్లాసులో అర టీ చెంచా మామూలు రాగి పిండి, రెండవ గ్లాసులో అర టీ చెంచా మొలక రాగి పిండి, కొద్ది నీళ్ళలో కలిపి వేయండి. మూడవ గ్లాసుకు కూడా అర టీ చెంచా మొలక పిండే, కాని దాన్ని ముందుగా కొద్ది నీళ్ళలో ఐదు నిమిషాలు మరిగించి వేయండి. మూడింటినీ ఒకే తీరుగా కలిపి, వేడి నీళ్ళున్న గిన్నెలో నిలబెట్టి 15 నిమిషాలు ఆగండి.

4. చెంచాతో తీసి పైనుంచి జారవిడవండి. మొదటి గ్లాసు జావ ముద్దగా, తెగి తెగి పడుతుంది. రెండవది సన్నని ధారగా, పలచని మజ్జిగలా జారాలి. మూడవది మొదటిదానిలాగే ఉండాలి.

ఈ మూడవ గ్లాసును దండగ అనుకుని వదిలేయకండి. పలుచదనం పిండితో కలిపిన నీళ్ళ వల్ల రాలేదని, మరిగిస్తే చచ్చిపోయే ఒక పదార్థం వల్లే వచ్చిందని చూపేది అదొక్కటే. రెండవ గ్లాసు కూడా చిక్కగానే ఉండిపోతే ఒకసారి మొలక పిండిని రెండింతలు వేసి చూడండి. అప్పటికీ మార్పు లేకపోతే ఆ పిండిలో ఎంజైమ్ లేదు. ఆహారంగా అది పనికొస్తుంది, జావను పలచబరచడానికి పనికిరాదు.

మూడవ భాగం: అయోడిన్ పరీక్ష

బడి పిల్లలకు, నమ్మకం కుదరని పెద్దలకు ఇది నచ్చుతుంది. పిండి పదార్థం తగిలితే అయోడిన్ నీలి నలుపు రంగుకు మారుతుంది. గొలుసులు తెగే కొద్దీ ఆ రంగు ఊదాగా, తరువాత ఎర్రని గోధుమ రంగుగా మారి, చివరికి అయోడిన్ సొంత పసుపు రంగే మిగులుతుంది.

1. ఒక టీ చెంచా బియ్యప్పిండిని 300 మిల్లీలీటర్ల నీళ్ళలో మరిగించి, గుడ్డతో వడగట్టి చల్లార్చండి. పలచని అన్నం గంజి కూడా సరిపోతుంది, ఉప్పు వేసినా ఫరవాలేదు.

2. ఒక టీ చెంచా మొలక పిండిని పావు గ్లాసు చల్లని నీళ్ళలో 15 నిమిషాలు నానబెట్టి, కదపకుండా ఉంచి, పైన తేరిన నీటిని నాలుగు మడతల గుడ్డతో వడగట్టండి. ఎంజైమ్ నీటిలో కరిగి ఈ తేటలోకి వస్తుంది. ఇక్కడ తొందరపడితే పిండి రేణువులు తేటలో మిగిలిపోయి, ఎంతసేపు ఆగినా నీలి రంగు పోదు.

3. అయోడిన్‌ను పలచని టీ రంగు వచ్చేదాకా నీళ్ళతో పలచబరచండి. పింగాణీ పళ్ళెంలో దూరదూరంగా ఒక్కొక్క చుక్క పది చోట్ల వేయండి.

4. నాలుగు చెంచాల గంజిలో ఒక చెంచా తేట కలిపి, ఆ గ్లాసును సుమారు 50 డిగ్రీల వేడి నీళ్ళలో నిలబెట్టండి. రెండేసి నిమిషాలకు ఒక చుక్క తీసి పళ్ళెంలోని కొత్త అయోడిన్ చుక్కపై వేయండి. పక్కన తేటకు బదులు మామూలు నీళ్ళు కలిపిన గంజిని కూడా ఇలాగే చూస్తూ ఉండండి. మంచి పిండి అయితే 10 నుంచి 20 నిమిషాల్లో నీలి రంగు మాయమవుతుంది, నీళ్ళు కలిపిన గంజి చివరిదాకా నీలంగానే ఉంటుంది.

తప్పుదోవ పట్టించేవి ఇందులో నాలుగున్నాయి. వేడి గంజిలో నేరుగా అయోడిన్ వేస్తే పిండి పదార్థం నిండుగా ఉన్నా రంగు కనబడదు, చల్లారాక తిరిగి వస్తుంది. కాబట్టి చుక్క పళ్ళెంలో చల్లారాకే రంగు చూడండి. నిమ్మరసం తగిలినా రంగు పోతుంది, ఎందుకంటే అందులోని విటమిన్ సి అయోడిన్‌ను మార్చేస్తుంది, దాన్ని ఎంజైమ్ పనిగా పొరబడకండి. మందుల షాపులో అయోడిన్ దొరకలేదని అయోడిన్ ఉప్పుతో చేయబోతారు. ఆ ఉప్పులో ఉండేది పొటాషియం అయోడేట్, అది నేరుగా పిండి పదార్థానికి రంగు పట్టించదు. నాలుగవది, నీలి రంగు పోయింది కాబట్టి పిండి అంతా చక్కెరైపోయిందనే నిర్ణయం. రంగు పట్టనంత పొట్టి గొలుసులయ్యాయని మాత్రమే దాని అర్థం. చక్కెర పుట్టిందో లేదో చూడాలంటే బడి ప్రయోగశాలలో బెనెడిక్ట్ ద్రావణం కలిపి మరిగే నీళ్ళలో పెట్టి, ఇటుక రంగు వస్తుందేమో చూడాలి. మొలక పిండిలో ముందే కొంత చక్కెర ఉంటుంది కాబట్టి తేటను ఒక్కదాన్నే కూడా పక్కన పెట్టి పోల్చాలి.

అయోడిన్ తగిలిన గంజిని, చుక్కలను పారబోయండి. తినే గిన్నెల్లో ఈ పరీక్ష చేయకండి, చిన్న పిల్లల చేతికి ఆ సీసా ఇవ్వకండి.

మొలక పిండి లేని బడిలో లాలాజలంతో ఇదే పరీక్ష చేయవచ్చు. నోరు పుక్కిలించి, రెండు చెంచాల మంచినీళ్ళు అర నిమిషం నోట్లో ఉంచి గ్లాసులోకి వదిలితే అమైలేజ్ ఉన్న నీళ్ళు సిద్ధం. అయితే మొలక ఎంజైమ్‌కు సరిపోయిన వేడి దీనికి ఎక్కువవుతుంది, శరీరపు వేడి అయిన 37 డిగ్రీలు, అంటే గోరువెచ్చని నీళ్ళే వాడాలి. ఎవరి గ్లాసు వారే పట్టుకోవాలి, ఎవరి గ్లాసు వారే కడగాలి.

నాలుగవ భాగం: జావలో వాడే తీరు

1. ఒక గ్లాసు నీళ్ళకు 40 గ్రాముల, అంటే సుమారు నాలుగు పెద్ద చెంచాల, వేయించిన మామూలు రాగి పిండి చొప్పున జావ పూర్తిగా ఉడికించండి. అది సంగటికి దగ్గరగా, గరిటె నిలబడేంత చిక్కగా వస్తుంది. భయపడకండి.

2. పొయ్యి మీద నుంచి దించి, చెంచా పరీక్షలో చెప్పిన 55 నుంచి 60 డిగ్రీల వేడికి చల్లారనివ్వండి.

3. ఒక టీ చెంచా మొలక పిండిని కొద్ది నీళ్ళలో కలిపి, జావలో వేసి బాగా కలపండి. పది నిమిషాలు మూత పెట్టి ఉంచండి.

4. జారుగా అయిన జావను మళ్ళీ పొయ్యి మీద పెట్టి, కలుపుతూ రెండు మూడు నిమిషాలు బాగా ఉడకనివ్వండి. ఈ అడుగును ఎన్నడూ వదలకండి. తడిలో రెండు రోజులు మొలకెత్తిన గింజ మీద సూక్ష్మక్రిములు ఉండి తీరుతాయి, వాటిని చంపేది ఈ రెండో ఉడుకే. ఎంజైమ్ పని అప్పటికే పూర్తయి ఉంటుంది కాబట్టి ఇప్పుడు అది పోయినా నష్టం లేదు, తెగిన గొలుసులు మళ్ళీ అతుక్కోవు.

5. బెల్లం, నెయ్యి, పాలు ఏవైనా ఈ తరువాతే కలపండి. పెద్దవాళ్ళు తాగే అంబలిలో మజ్జిగ కూడా ఆఖరునే పోయాలి. మొలక పిండి కంటే ముందు పుల్లని మజ్జిగ పోస్తే ఆ పులుపుకు ఎంజైమ్ మందగిస్తుంది. ఏడాది నిండని బిడ్డ జావలో తేనె వేయవద్దు, దానితో బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు, ఒకే పిండితో రెండు ఇళ్ళలో రెండు రకాల జావ ఎందుకు వస్తోందన్న దానికి, జవాబు చెప్పవచ్చు. ఒక ఇంట్లో నీళ్ళు కళపెళ కాగుతుండగా మొలక పిండి కలిపిన నీళ్ళు పోస్తారు. ఎంజైమ్ ఆ మరుగులో పడగానే చచ్చిపోతుంది, జావ చిక్కగానే ఉంటుంది. ఇంకో ఇంట్లో అదే పిండిని చల్లని నీళ్ళలో కలిపి సన్నని సెగ మీద మెల్లగా కాస్తారు. నీళ్ళు 50, 60 డిగ్రీలు దాటుతున్న ఆ కొద్ది నిమిషాల్లోనే గింజల్లోని పిండి ఉబ్బడం, ఎంజైమ్ దాన్ని తెంపడం రెండూ జరిగిపోతాయి, జావ పలచబడుతుంది. కాబట్టి మొత్తం మొలక పిండితోనే జావ కాచేవారు చల్లని నీళ్ళతో మొదలుపెట్టి, సెగ తగ్గించి, మరుగు రావడానికి కనీసం పది నిమిషాలు పట్టేలా చూసుకోవాలి. పలచబడిన జావ కల్తీ పిండిది కాదు, అందులో వేసిన పిండి ఎక్కడికీ పోలేదు. జావ చిక్కగా ఉంటేనే బలమని నమ్మే అమ్మమ్మలకు ఒకసారి చెంచా పరీక్ష చేసి చూపించండి, మాటలతో ఒప్పించడం కంటే అది సులువు.

మధుమేహం ఉన్నవారు ఈ జావ విషయంలో జాగ్రత్తగా ఉండాలి. ఎంజైమ్ ఇక్కడ చేస్తున్నది అరుగుదల పనిలో కొంత భాగమే కాబట్టి, ఇలా పలచబడిన జావలోని చక్కెర రక్తంలోకి త్వరగా చేరే అవకాశం ఉంది. రాగులు షుగరుకు మంచివని విని ఈ పద్ధతిలో రెండు గ్లాసులు తాగేయకండి, వైద్యుణ్ణి అడిగి, తాగిన రెండు గంటలకు రక్తపరీక్ష చూసుకుని నిర్ణయించుకోండి. ఆరు నెలలు నిండని బిడ్డకు తల్లిపాలే, ఏ జావా వద్దు.

కాచిన జావను పూట దాటనివ్వకండి, మన ఎండలకు త్వరగా పులుస్తుంది. డబ్బాలోని పిండికి నెల నిండిన రోజున అర చెంచా తీసి చెంచా పరీక్ష మళ్ళీ చేయండి. మొదటిసారి 15 నిమిషాల్లో పలచబడినది ఇప్పుడు అరగంట తీసుకుంటే చెంచాకు బదులు చెంచాన్నర వేయండి, అసలు పలచబడకపోతే ఆ డబ్బాను సంగటికి మళ్ళించి కొత్త రాగులు నానబోయండి.